దొడ్డి గుమ్మం

మా బాబాయ్ నన్ను అడిగింది చాలా చిన్న పని. వన్‌టౌన్‌లో మా పాత ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశారు. ఆ స్థలంలో అయిదంతస్తులు లేస్తాయి. కింద గోడకి తాతయ్య పేరుతో ఒక గ్రానైట్ పలక పెడతారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి పంచడానికి ఒక చిన్న పుస్తకం కూడా వేస్తారట. "నువ్వేవో రాస్తుంటావు కదమ్మా. మన ఇంటి చరిత్ర ఓ రెండు పేజీలు రాసిపెట్టు. పాత బెజవాడ ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి తెలియాలి" అన్నాడు.

రెండు పేజీలే. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ నన్ను ఆపింది ఒక గుమ్మం.

నేనుండేది భవానీపురంలో. కొండకి ఇటుపక్క, నదికి ఎగువన. ఇక్కడ హౌసింగ్ బోర్డు కాలనీ వాళ్ళున్నారు, ఐరన్ యార్డు నమ్ముకుని వచ్చినవాళ్ళున్నారు, లారీలతో వచ్చినవాళ్ళున్నారు, నాలాగా అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూములు కొనుక్కుని ఈఎంఐ కడుతున్నవాళ్ళున్నారు. "మీదే ఊరు?" అని అడిగితే "భవానీపురం" అని చెప్పేవాళ్ళు తక్కువ, ఇంకేదో ఊరి పేరు చెప్తారు. బస్సు దిగే సెంటరు పేరు కుమ్మరిపాలెం. రోజూ ఆ పేరు పలుకుతాం. సారె తిరుగుతుంటే మాత్రం నేను చూడలేదు. పేరొక్కటే మిగిలి మనుషులు మాయమైన చోట బతకడం మాకు అలవాటైపోయింది.

వన్‌టౌన్ మాత్రం అలా కాదని మా ఇంట్లో అందరి నమ్మకం. అక్కడ చరిత్ర ఉంది. భవానీపురం నుంచి చిట్టినగర్ సొరంగంలోంచి వెళ్ళినా, దుర్గమ్మ కొండ కిందుగా వెళ్ళినా, పది పదిహేను నిమిషాల్లో ఆ చరిత్రలోకి దిగిపోవచ్చు.

నిజంగానే ఉంది. 1832–33లో, నందన సంవత్సరంలో, కృష్ణకి రెండు పక్కలా జనం ఆకలికి రాలిపోయారు. ఎముకలు బయటపడేలా చిక్కిపోయారు కాబట్టి డొక్కల కరువు అన్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి, 1852లో, కెప్టెన్ ఓర్ చేతిమీదుగా ఇక్కడ ఆనకట్ట పని మొదలై 1855కి పూర్తయింది. ఇప్పుడు మనం గాంధీ కొండ అంటున్నదాన్ని ఒకప్పుడు ఓర్ హిల్ అనేవాళ్ళు. కాలవల్లోకి నీళ్ళొచ్చాయి, డెల్టా పండింది, పండిన ధాన్యానికి బజారు కావాల్సొచ్చింది. 1888లో బెజవాడ మునిసిపాలిటీ అయింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది. కాలవ పడవా, రైలు పెట్టే కలిసిన చోట డబ్బు నిలుస్తుంది. ఆ డబ్బు కొండకీ కాలవకీ మధ్య ఇరుకు వీధుల్లో మేడలు కట్టింది. నగిషీ స్తంభాలు, బర్మా టేకు తలుపులు, మద్రాసు టెర్రస్, వీధివైపు అరుగులు. 1921లో మారుతి టాకీస్ వచ్చింది. అదే ఏడాది మార్చి నెలాఖరున అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో కూర్చుని కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది. పింగళి వెంకయ్య గాంధీకి జెండా చూపించింది ఆ సభల్లోనే.

ఆ రోజుల్లో షోకు అంటే వన్‌టౌనే. తర్వాత షోకు కాలవ దాటి గవర్నర్‌పేటకి వెళ్ళింది. బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు, పుస్తకాల షాపులు, పత్రికాఫీసులు, సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు. అక్కణ్ణుంచి లబ్బీపేట, మొగల్రాజపురం, పటమట, బెంజి సర్కిల్. బెజవాడలో ఫ్యాషన్ తరానికో రెండు మైళ్ళు తూర్పుకి జరుగుతూ వచ్చింది. వెనక వదిలేసిన వీధుల్లో గోడౌన్లు, హోల్‌సేల్ కొట్లు, పంచుకోలేక తాళం వేసిన ఇళ్ళు. అలా తాళం వేసిన ఇళ్ళల్లో మాదొకటి.

ఇవన్నీ రాయడానికి నాకు ఒక్క సాయంత్రం పట్టింది. బాబాయ్‌కి కావాల్సింది ఇదే అనుకుంటా.

*

ఇల్లు ఖాళీ చేసే రోజు సాయం చేయడానికి వెళ్ళాను. ఇత్తడి గంగాళాలు, దేవుడి మందసం, తాతయ్య ధాన్యం కమీషను వ్యాపారం చిట్టా పుస్తకాలు. ఎర్రగుడ్డ అట్టల పుస్తకాలు. నాయనమ్మ ఇంటి ఖర్చులు రాసుకున్నవి విడిగా ఉన్నాయి. వాటిల్లో అందరూ ఉన్నారు. పాలు పోసేవాడి పేరుంది, చాకలామె పేరుంది, గాజులమ్మే ఆవిడ పేరుంది. అమ్మేసిన ఎద్దు పేరు కూడా ఉంది. పండగల దగ్గర మాత్రం ప్రతి ఏడూ ఒకే మాట: "పాకీకి, అర్ధరూపాయి."

పేరు లేదు. ఏ ఏడూ లేదు.

పుస్తకం పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళాను. నూతి పళ్ళెం దాటాక కుడివైపు మూలకి పాత దొడ్డి. ఇప్పుడందులో విరిగిన కుర్చీలున్నాయి. దాని వెనక గోడకి అడుగున్నర ఎత్తున చిన్న గుమ్మం, రేకు తలుపు. తలుపు తీస్తే బయట సందు. ఎంత సన్నం అంటే మనిషి పక్కకి తిరిగి నడవాలి. అటూ ఇటూ ఇళ్ళ వెనక గోడలు, ప్రతి గోడకీ అదే ఎత్తున అలాంటి రేకు తలుపే. నేను చిన్నప్పుడు సెలవలకి ఆ ఇంట్లో ఎన్నోసార్లు ఉన్నాను, ఆ సందు ఎప్పుడూ చూడలేదు. చూడకుండా ఉండేలా కట్టారు.

బాబాయ్‌ని అడిగాను. ఆయనకి డెబ్బై దాటాయి. "ఆ, వచ్చేది. పొద్దున్నే. సందు మొదట్లోంచే కేకేసేది, 'అమ్మా, వస్తన్నా' అని. ఎవరూ ఎదురు పడకుండా. పండక్కి మామ్మ డాబా మీంచి పాత చీర విసిరేది, కింద పట్టుకునేది" అన్నాడు.

"పేరేంటి?"

చాలాసేపు ఆలోచించాడు. "గొంతు గుర్తుందే. పేరు... అడగలేదు ఎప్పుడూ."

*

ఇక్కడ నాకొచ్చిన ప్రశ్న ఇది: ఆ రెండు పేజీల్లో ఈ గుమ్మం ఉండాలా, అక్కర్లేదా? మరిచిపోవడం తప్పవుతుందా? అయితే ఎవరి పట్ల?

మర్చిపోవడం సహజం, దానికి తప్పొప్పులేంటి అంటారు చాలామంది. నీషే అయితే మరుపు లేకుండా బతుకే లేదన్నాడు. కానీ మన రోజువారీ మాటల్లో మరుపుని మనం నేరంగానే చూస్తాం. తండ్రి తద్దినం మర్చిపోయినవాణ్ణి "జ్ఞాపకశక్తి తక్కువ" అని వదిలెయ్యం. అవిషాయ్ మార్గలిత్ అనే ఇజ్రాయెలీ తాత్వికుడు జ్ఞాపకంలోని నీతి గురించి 2002లో ఒక పుస్తకం రాశాడు. అది ఒక సైన్యాధికారి కథతో మొదలవుతుంది. తన కింద పనిచేస్తూ, తమవాళ్ళ కాల్పుల్లోనే చనిపోయిన ఒక సైనికుడి పేరు ఆ అధికారికి గుర్తులేదు. పత్రికలో ఆ సంగతి రాగానే జనం మండిపడ్డారు. పేరు గుర్తుంటే చనిపోయినవాడికి ఒరిగేదేంటి? ఏమీ లేదు. అయినా ఆ కోపం మనకి అర్థమవుతుంది. పేరు మర్చిపోవడమంటే అతను లెక్కలో లేడని ఒప్పుకోవడమే.

మార్గలిత్ దీన్ని రెండు రకాల సంబంధాలుగా విడదీస్తాడు. కుటుంబం, స్నేహం, ఊరు లాంటివి చిక్కటి సంబంధాలు. వీటిల్లో గుర్తుంచుకోవడం బాధ్యత. కేవలం సాటిమనిషి అన్నంతవరకే ఉండేవి పల్చటి సంబంధాలు. వీటిల్లో గౌరవంగా మసులుకుంటే చాలు, గుర్తుంచుకోవాల్సిన పని లేదు. బాగానే ఉంది. మరి మా వెనక గుమ్మానికి ముప్ఫై ఏళ్ళు రోజూ వచ్చినావిడతో మాది ఏ సంబంధం? మా ఒంట్లోంచి పోయినదాన్ని ఆవిడ చేత్తో ఎత్తింది. అంత దగ్గరి సంబంధం మా నాయనమ్మకి సొంత చెల్లెలితో కూడా ఉండుండదు. కానీ ఎదురుపడకుండా, మొహం చూడకుండా, పేరడక్కుండా దాన్ని పల్చగా ఉంచారు. ఆ పల్చదనం దానంతటది రాలేదు. సందూ, రేకు తలుపూ, విసిరిన చీరా, అన్నీ దానికోసం చేసిన ఏర్పాట్లే. మార్గలిత్ విభజన నాకక్కడ పనిచేయలేదు. చిక్కటి సంబంధాన్ని పల్చన చేసినవాడు, "అది పల్చటిదే కదా, నాకు గుర్తుండనక్కర్లేదు" అని అడ్డం పెట్టుకోకూడదు.

బాబాయ్‌తో ఇదంతా అనలేదు. గుమ్మం సంగతి కూడా రాద్దామనుకుంటున్నానని మాత్రం అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. "అందరి ఇళ్ళల్లో ఉండేదమ్మా. మనమేం కొత్తగా పెట్టలేదు. నాన్న ఎంతమందికి అన్నం పెట్టాడో నీకు తెలీదు."

నాకు తెలుసు. అందరి ఇళ్ళల్లోనూ ఉండేదన్నదీ నిజమే. ఆ సందుకి ఇరవై తలుపులున్నాయి. కానీ అందరూ చేసిన తప్పుని ఎవరి ఇంటి చరిత్రలో రాయాలి? ప్రతి ఇల్లూ "అందరిళ్ళల్లో ఉండేదేగా" అనుకుంటే అది ఏ ఇంటి చరిత్రలోనూ ఉండదు. స్వరాజ్య నిధికి మా ముత్తాత చందా ఇచ్చాడన్నది మాత్రం మా చరిత్రలో ఉంటుంది. అదీ ఆ రోజుల్లో అందరూ చేసిందే. 1921 సభలకి ఊళ్ళోకి వచ్చిన జనానికి మరుగుదొడ్లు ఎవరు శుభ్రం చేశారన్నది మాత్రం ఎవరి కథలోనూ వినపడదు. పంచుకున్న మంచిలో మన వాటా మనం ఇంటికి తెచ్చుకుంటాం. పంచుకున్న చెడులో మన వాటా వీధిలో వదిలేసి వస్తాం.

*

పాత ఇళ్ళు కూల్చకూడదు, వారసత్వం కాపాడాలి అని మాట్లాడే గుంపులో నేనూ ఉన్నాను. వన్‌టౌన్ మేడల ఫోటోలు తీసి పెడుతుంటాను. ఈ గుమ్మం ఆ మాట దగ్గర కూడా నన్ను ఆపింది.

1990ల్లో మొదలైన సఫాయి కర్మచారీ ఆందోళన్ వాళ్ళు ఊరూరా తిరిగి, చేత్తో ఎత్తే మరుగుదొడ్ల లెక్కలు తీశారు. 1993 చట్టం నిషేధించినా అవి లేవని అధికారులు చెప్తుంటే, ఉన్నాయని ఫోటోలతో చూపించి 2003లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2013లో ఇంకో చట్టం, 2014లో కోర్టు తీర్పు అలా వచ్చినవే. ఆంధ్రలో వాళ్ళు ఇంకో పని కూడా చేశారు. గడ్డపారలు పట్టుకుని ఆ దొడ్లని కూలగొట్టారు. ఆ ఉద్యమాన్ని నడిపిన మనిషి కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊళ్ళో పుట్టాడు. ఆయన కుటుంబం అక్కడ ఈ పనే చేసింది. 2016లో మెగసెసే అవార్డొచ్చింది. పేరు విల్సన్. ఇంటిపేరు బెజవాడ.

ఈ ఊరు తన పాత పేరుని రికార్డుల్లోంచి తీసేసి విజయవాడ అయింది. ఆ పాత పేరుని వేరే రాష్ట్రంలో, పాకీ పనిచేసే ఒక తెలుగు కుటుంబం ఇంటిపేరుగా మోసింది. మా తాతయ్య పేరు పలక మీదుంటుంది. ఊరి పేరు వాళ్ళ మీదుంది.

ఆ గడ్డపారల గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒకటి తడుతుంది. కొన్ని గోడలు కూలడమే న్యాయం. మా రేకు తలుపుని భద్రంగా దాచి మ్యూజియంలో పెట్టమని నేనడగను. పోనీ, మేడంతా పోయినా నాకు పెద్ద బాధ లేదు. కానీ ఒక చిక్కుంది. తప్పుకి సాక్ష్యమైన గోడ కూడా గోడతోపాటే పోతుంది. రేపు అయిదంతస్తుల కింద కార్ల పార్కింగ్ ఉంటుంది. నగిషీ స్తంభాల ఫోటోలు మా ఫోన్లలో ఉంటాయి. సందు ఫోటో ఎవరి దగ్గరా ఉండదు. కూల్చడం ఎంత అవసరమో, కూల్చింది ఏమిటో రాసుకోవడమూ అంతే అవసరం.

ఎవరు అడిగితే గుర్తుంటుంది అన్నది కూడా చూడాలి. 2016 పుష్కరాల ముందు కొండ కింద రోడ్డు పనులకి కొన్ని గుళ్ళు తీసేశారు. పెద్ద గొడవైంది. 2021 జనవరిలో వాటిల్లో కొన్నిటిని మళ్ళీ కట్టడానికి శంకుస్థాపన జరిగింది. మంచిదే. దేవుడి తరఫున అడిగేవాళ్ళున్నారు. సందు తరఫున అడిగేవాళ్ళేరీ?

*

ఉన్నారు. కాకపోతే వాళ్ళకి అడగాలని ఉందా అన్నది వేరే సంగతి.

నాతో పనిచేసే స్నేహితురాలు ఒకామె ఉంది. భవానీపురంలోనే మా పక్క వీధి. పున్నమి ఘాట్ దగ్గర కూర్చుని టీ తాగుతూ ఈ కథంతా ఆమెకి చెప్పాను. ఆవిడ పేరు ఎలాగైనా కనుక్కుంటానని, పాత మునిసిపల్ జీతాల పుస్తకాలు వెతుకుతానని, మనవలెవరైనా ఉంటే కలుస్తానని ఉత్సాహంగా చెప్పాను. ఆమె విని, నది వైపు చూస్తూ, "మా అమ్మమ్మ ఆ పనే చేసేది. ఈ ఊరు కాదులే" అంది.

ఆరేళ్ళ స్నేహంలో నాకు తెలీదు.

"మా అమ్మ ఊరు మార్చింది ఎందుకనుకున్నావు? ఇంకెవరూ ఆ మాట అనకుండా ఉండాలని. నా పిల్లలకి నేను చెప్పలేదు. చెప్పాలో లేదో నేను చూసుకుంటాను. రేపు మీలాంటివాళ్ళు ఎవరో వచ్చి, మీ ముత్తవ్వ మా దొడ్డి ఎత్తింది, ఆవిడ పేరు పలక మీద పెడతాం అంటే నేనేం చెయ్యాలి? థాంక్స్ చెప్పాలా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. టీ చల్లారిపోయింది. మూడు నెలల్లో రెండు నెలలు ఈ మాట దగ్గరే గడిచాయి.

ఆమె మాట నిజమైతే, అప్పటిదాకా నేను అనుకున్నది సగమే నిజం. నేను మరుపుని ఒకే వస్తువనుకున్నాను, ఎవరి చేతిలో ఉన్నా ఒకటే అనుకున్నాను. కాదు. మా బాబాయ్ మరిచిపోవడం వేరు, ఆమె తల్లి మరిచిపోవడం వేరు. బాబాయ్‌కి మరుపు ఊరికే దొరికింది. ఆమె తల్లి దాన్ని ఊరు మారి, చుట్టాల్ని వదులుకుని, ఒక జీవితమంతా పెట్టి కొనుక్కుంది. ఆ మరుపు ఆ కుటుంబం సంపాదించుకున్న ఆస్తి. దాన్ని నా మనశ్శాంతి కోసం నేను తవ్వి తీస్తే, మళ్ళీ వెనక గుమ్మంలోంచి చెయ్యి పెట్టినట్టే. ఈసారి చెయ్యి మాదవుతుంది, అంతే తేడా.

అలాగని ఇద్దరూ మర్చిపోతే సరిపోతుందా? పోదు. అప్పు తీసుకున్నవాడు, ఇచ్చినవాడు ఇద్దరూ మర్చిపోతే అప్పు తీరినట్టు కాదు. ఇచ్చినవాడికి వదులుకునే హక్కుంది. తీసుకున్నవాడికి మర్చిపోయే హక్కు లేదు. వ్యాపారం ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలిసిన నీతుల్లో గట్టిది ఇదే.

కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఆవిడెవరో కాదు, మేమెవరమో. ఆవిడ కథ ఆవిడ మనవలది. చెప్పుకుంటారో, మానేస్తారో వాళ్ళిష్టం. గుమ్మం కథ మాది. గుమ్మం పెట్టించింది మేం, కేకేయించింది మేం, పేరడగనిది మేం. చిట్టాలో ఆవిడ పేరు లేకపోవడం మా గురించిన సమాచారం.

దుర్గమ్మ కొండ మీద మల్లేశ్వరస్వామి గుడి దగ్గర దొరికిన యుద్ధమల్లుడి శాసనం గురించి తెలుగు సాహిత్యం చదివినవాళ్ళందరికీ తెలుసు. పదో శతాబ్దపు రాతి స్తంభం, మధ్యాక్కర పద్యాలు. ఛందస్సు కోసం దాన్ని పొగుడుతాం. అందులో ఉన్న విషయం మాత్రం ఒక నిషేధం. కార్తికేయుడి గుడీ మఠమూ కట్టాం, అక్కడ గొరగలు తప్ప వేరేవాళ్ళు దిగకూడదు, దిగితే మహాపాపం అని. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఈ ఊరు తన తొలి పద్యాల్లోనే రాసుకుంది. నన్ను ఆకట్టుకున్నది వేరే సంగతి. ఆ రాజు తన నిషేధం కింద తన పేరు పెట్టుకున్నాడు. మేం ఆ మాత్రం కూడా చెయ్యలేదు. మా నిషేధాన్ని సందుగా కట్టి, సంతకం లేకుండా వదిలేశాం.

ఒక అనుమానం ఇంకా ఉంది. ఇలా ఒప్పుకోవడం కూడా ఒక షోకేనా? ఒకప్పుడు నగిషీ స్తంభాలు షోకు, ఇప్పుడు పశ్చాత్తాపం షోకు. ఇలాంటి వ్యాసం రాసి, నలుగురి చేత బాగుందనిపించుకుని, నేను శుభ్రపడిపోవచ్చు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక గీటురాయి మాత్రం ఉంది. ఒప్పుకున్న మాట ఎక్కడ చెప్తే మెచ్చుకుంటారో అక్కడ కాక, ఎక్కడ చెప్తే మనవాళ్ళు నొచ్చుకుంటారో అక్కడ చెప్పాలి. ఇక్కడ రాయడం సులువు. కష్టం బాబాయ్ పుస్తకంలో.

*

రెండు పేజీలూ రాసి ఇచ్చాను. ఆనకట్ట, రైలు వంతెన, ధాన్యం కొట్టు, తాతయ్య అన్నదానం, అన్నీ ఉన్నాయి. నాయనమ్మ చిట్టా గురించి ఒక పేరా ఉంది. దాని చివర ఇలా రాశాను: "ఈ ఇంటికి వెనక ఒక చిన్న గుమ్మం ఉండేది. మా మలాన్ని చేత్తో ఎత్తించుకోవడానికి మేం దాన్ని కట్టించుకున్నాం. ఆ పని చేసిన మనిషి పేరు మేం ఏనాడూ అడగలేదు."

బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఆ పేరా దగ్గర ఆగాడు. మళ్ళీ మొదట్నించీ చదివాడు. "గృహప్రవేశం పుస్తకంలో ఈ మాటేంటమ్మా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. కాసేపటికి పెన్ను తీసుకుని "మలాన్ని" అన్న మాట కొట్టేశాడు. కొట్టేసి, చూసుకుని, పైన మళ్ళీ అదే మాట రాశాడు.

"పిల్లలు అడుగుతారు" అన్నాడు.

"అడగనీ బాబాయ్."

పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. పేరా ఉంటుందో ఉండదో నాకు తెలీదు. ఆయనొక్కడిదే కాదు, అత్తయ్యలున్నారు, బిల్డరున్నాడు. మొన్న ఆదివారం వన్‌టౌన్ వెళ్తే ఇల్లు సగం కూలింది. ముందు స్తంభాలు అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు, పాత సామాన్లకి మంచి గిరాకీ ఉందట. వెనక గోడ మాత్రం ఇంకా నిలబడే ఉంది. సందులో ఎండ పడుతోంది.